తమరి ఆజ్ఞ మేరకు విశ్రమిస్తున్నాం

ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు విశ్రాంతి. మా ఆఫీసు మానవ వనరుల విభాగం ఈ తారకమంత్రాన్ని అందరికీ మెయిల్‌లో ఉపదేశించి ధన్యమైంది. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే విద్యార్థి చదువు సాగక, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌ను ముందు పెట్టుకుని ఈ పద్ధతి కనిపెట్టాడు. ఆ పాపం ఇప్పుడు మన కంప్యూటర్లలో పండుతోంది.

టింగుమనగానే లేవాలి. లేస్తే మౌసు కదలదు. కదలకపోతే ఆఫీసు చాట్‌లో మన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పసుపు రంగుకు మారుతుంది. మారిందా, మేనేజరు గారికి గుండె ఆగినంత పని. ‘ఉన్నారా?’ ఉన్నానండీ, తమరి ఆజ్ఞ మేరకు విశ్రమిస్తున్నాను. ‘మంచిది, విశ్రమిస్తూనే ఆ ఎక్సెల్ షీటు కాస్త చూడండి.’ మా పక్క సీటాయన గడుసువాడు. ఒక చేత్తో మౌసు తిప్పుతూ, రెండో చెయ్యి పైకెత్తి వెన్ను విరుచుకుంటాడు. కర్మయోగం అంటే అదే కాబోలు. ఆపైన ‘ఎంత సేదతీరారు?’ అని ఒక ఫారం. దాన్ని నింపేసరికి అయిదు నిమిషాలూ హారతి కర్పూరం. నింపనివారి పేర్లు శుక్రవారం మీటింగులో తెర మీద వేస్తారు. ఆ మీటింగుకు మాత్రం విరామం ఉండదు.

సరే, ఇదంతా కుర్చీ ఉన్నవాళ్ల వైభోగం. చీరల షోరూములో అమ్మాయికి ఏ టమాటా మోగుతుంది? ‘ఇంకో రంగు చూపించమ్మా’ అన్నప్పుడల్లా నవ్వుతూ మడత విప్పుతుంది. బరువంతా ఒక కాలి మీద వేసి, కాసేపటికి రెండో కాలికి మార్చుకుంటుంది. ఆమె విరామం అంతే. దుకాణాల్లో పనిచేసేవారు కూర్చోవడానికి 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టాలే సవరించాల్సి వచ్చింది. కూర్చోవడానికి చట్టం!

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇమ్మంది. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ అయిదును ఆరు చేయాలనీ, రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలనీ నిర్ణయించింది. తెలంగాణ కూడా అదే ఏడాది వాణిజ్య సంస్థల్లో పది గంటల పనికి తలుపులు తీసింది. ఏసీ గదిలో ఇరవై అయిదు నిమిషాలకే మెదడు వాడిపోతుందని బెంగపడే పెద్దలారా, మిషను ముందు ఆరు గంటలు నిలబడ్డ నడుము మీకు నడుములా కనిపించదా? అది ఇనుముతో చేశారా? లక్షల ఖరీదు పట్టుచీరలు పేర్చిన దుకాణంలో నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లకు చోటు లేదా? మూడు తరాల పెళ్లిబృందానికి సోఫాలు వేయడానికి మాత్రం ఎక్కడలేని చోటూ ఉంటుంది!