20 బైట్ల భరోసా

"బ్యాకప్ ఉందండీ." మా ఆఫీసులో ఈ మాట అనని మేనేజరు లేడు. పెళ్లిలో "భోంచేసి వెళ్లండి" అన్నట్టు అనేస్తారు. విస్తరి వేశారా లేదా అన్నది వేరే సంగతి.

సంక్రాంతి సెలవుల్లో మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ని 13వ వెర్షన్ నుంచి 16కి మార్చారు. అది లేచింది, కేక్ కోశారు. చోటు దండగని పాత డేటా ఫోల్డర్ పీకేశారు. రాత్రిళ్లు బ్యాకప్ తీసే మిషన్లో మాత్రం డేటాకి కాపీ తీసే ప్రోగ్రాం, పీజీ-డంప్, పాత 13దే ఉండిపోయింది. తనకన్నా కొత్త సర్వర్ కనిపిస్తే అది పని చెయ్యనని మొహమ్మీదే చెప్పేస్తుంది. పాపం, దాపరికం లేదు. చెప్పింది కూడా, లాగ్‌లో. లాగ్ చదవడం ఎవరి పనో ఇంకా తేలలేదు.

ఆ కాపీని కుదించే జీజిప్ అలా కాదు, మహా విధేయురాలు. లోపలికి ఏమీ రాకపోయినా, ఆ శూన్యాన్నే శ్రద్ధగా కుదించి 20 బైట్ల ఫైలు చేసి పెడుతుంది. రోజుకొకటి, పేరులో తేదీతో సహా. ఫైలు వచ్చిందా? వచ్చింది. మానిటరింగ్ తెర మీద పచ్చదీపం.

మూడు వారాలకి, శుక్రవారం రాత్రి, ఎవరో ఏ వరుసలు చెరపాలో చెప్పే WHERE లేకుండానే డిలీట్ కొట్టారు. ఆర్డర్ల టేబుల్ ఖాళీ. కాల్‌లో 40 మంది.

"రెస్టోర్‌కి ఎంతసేపు పడుతుంది?"

"సెకను కూడా పట్టదు సార్."

"చూశారా, కొత్త వెర్షన్ స్పీడు!"

మేనేజరు గారిని ఆ ఆనందంలో రెండు నిమిషాలు ఉండనిచ్చారు. తర్వాత ఎవరో ఫైలు సైజు చదివి వినిపించారు. "20 జీబీయేగా?" అని అడిగారాయన, ఆశ చావక.

ఇది మా ఒక్కరి ఘనతే అనుకునేరు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరే చెరిపేశారు. బ్యాకప్ చూస్తే లేదు. సర్వర్ వెర్షన్ 9.6, పీజీ-డంప్ 9.2. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా చేరలేదు. ఒక ఇంజనీరు అంతకు 6 గంటల ముందు వేరే పని కోసం తీసుకున్న కాపీ గట్టెక్కించింది. అయినా వాళ్లు తప్పు మొత్తం లోకానికి రాసి చూపించారు, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు.

మావాళ్లేం చేశారు? టెస్టింగ్ అమ్మాయి దగ్గర 10 రోజుల నాటి కాపీ దొరికింది. మిగతా ఆర్డర్లన్నీ మెయిళ్లు వెతికి, రెండు రాత్రులు నిద్ర లేకుండా చేత్తో ఎక్కించింది ఒక కాంట్రాక్టు కుర్రాడు. రిపోర్టులో తప్పు ఎవరిదని రాశారో తెలుసా? ఆ కుర్రాడిదే! బ్యాకప్ తీసే స్క్రిప్టు వాడి పేరు మీద ఉందట. రెస్టోర్ చేసి చూడ్డానికి ఒక్క పూట ఇవ్వండని వాడు రెండుసార్లు మెయిల్ పెట్టాడు. "తర్వాత చూద్దాం" అన్నవాళ్ల పేర్లు ఆ రిపోర్టులో ఒక్కటీ లేవు. సిగ్గు లేదూ? కేక్ ముక్క దగ్గర మాత్రం అందరూ ఉన్నారు.

నిన్న అడిగాను, ఇప్పుడు జాగ్రత్త తీసుకున్నారా అని. తీసుకున్నారట. ఫైలు 20 బైట్లు దాటితేనే పచ్చదీపం వెలుగుతుందట.