భవిష్యత్తు కథల్లోంచి మా చెల్లెల్ని తీసెయ్యొద్దు

ఆ మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, తర్వాత ఇద్దరు స్నేహితులు విడివిడిగా, నిన్న రాత్రి మా ఇంటి గ్రూపులో మేనమామ. "సైన్స్ ఫిక్షన్‌ను పాడు చేస్తున్నారు, అందరికీ పంపండి" అని పైన, కింద ఐదు పాయింట్లు. వేల ఏళ్ల తర్వాత జరిగే కథల్లో ఆడా మగా కాని పాత్రల్నీ, ఒకటిగా పుట్టి ఇంకొకటిగా బతికే పాత్రల్నీ పెట్టడం తప్పని దాని వాదన. మూడుసార్లు ఊరుకున్నాను. నిన్న ఊరుకోలేకపోయాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇది ఈ మధ్య విదేశాల నుంచి దిగిన ఫ్యాషన్ అన్నది మొదటి పాయింట్. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' నవల 1969లో వచ్చింది. అందులో గెథెన్ అనే మంచు గ్రహం మీద మనుషులకు నెలలో చాలా రోజులు ఆడా మగా తేడా ఉండదు. కొన్ని రోజులు మాత్రం ఏదో ఒకటి అవుతారు, అదీ ప్రతిసారీ ఒకటే కావాలని లేదు. ఒకే మనిషి ఒక బిడ్డకు తల్లి, ఇంకో బిడ్డకు తండ్రి. యాభై ఏళ్లు దాటిన నవల అది, నిన్నమొన్నటి ఫ్యాషన్ ఎట్లా అవుతుంది? విదేశీ అన్న మాటకొస్తే, ఉత్తరాదిన హిజ్రాల పేర్లు రిజిస్టర్లలోకి ఎక్కించమని చట్టం చేసింది బ్రిటిష్ వాళ్లే, 1871లో. హిజ్రాలు ముందు నుంచీ ఇక్కడ ఉన్నారు కాబట్టే కదా ఎక్కించింది? ఆదోని దగ్గర సంతెకుడ్లూరులో హోలీకి మగవాళ్లు చీరలు కట్టుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. అది మొక్కు. తానెవరో చెప్పుకోవడం వేరు, రెండూ ఒకటని నేను అనను. కానీ చీర కట్టిన మగమనిషి మన వైపు ఎవరికీ కొత్త కాదు.

అవార్డుల కోసం రాస్తారు అన్నది రెండోది. అవార్డు కోసం రాసేవాళ్లు అన్ని రకాల కథల్లోనూ ఉంటారు, వదిలేద్దాం. పిల్లలు చెడిపోతారు అన్నది మూడోది. ఏ కథ చదివి ఏ బిడ్డ చెడిందో మెసేజ్ చెప్పలేదు, నేనూ జవాబు చెప్పను.

నాలుగోది తెలుగు గురించి. "ఇట్లాంటి పాత్రను తెలుగులో రాయడం కుదరదు, మన భాష ఎప్పటికీ ఒప్పుకోదు" అని. ఎప్పటికీ అనే మాట కడప జిల్లాలో పుట్టినవాళ్లు అనకూడదు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో దొరికిన శాసనం దాదాపు క్రీ.శ. 575 నాటిది. అదీ తెలుగే. మన బ్యాచ్‌లో ఒక్కరినైనా దాని ముందు నిలబెట్టి చదవమనండి. 1450 ఏళ్లకే ఇంత మారిన భాష పదివేల ఏళ్లకు ఎట్లా ఉంటుందో ఈ మెసేజ్ రాసినాయనకు ఎట్లా తెలిసింది?

అయితే ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. 'నేను వచ్చాను', 'నువ్వు వచ్చావు' అంటే ఆడో మగో తెలియదు. హిందీలో ఆ వెసులుబాటు లేదు. అందుకని 'నేను' అంటూ సాగే నవలను ఆ ఊసే లేకుండా రాయొచ్చు. చిక్కంతా ఇంకొకరి గురించి చెప్పే దగ్గరే. ఆయప్ప వచ్చినాడు, ఆయమ్మ వచ్చింది. 'తను' అని మొదలుపెట్టినా వాక్యం చివర క్రియ దగ్గర దొరికిపోతాం. 'వచ్చారు' అందామంటే గౌరవం వచ్చి కూర్చుంటుంది. ఐదేళ్ల బిడ్డనో, జేబుదొంగనో 'వచ్చారు' అంటే వాక్యం బిగుసుకుపోతుంది. నేను రెండుసార్లు కథ మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోయాను. లె గ్విన్ కూడా గెథెన్ మనుషులందరినీ ఇంగ్లీషులో 'అతను' అనే రాశారు, అది సరిపోలేదని తర్వాత తనే ఒప్పుకున్నారు. కష్టమే. కష్టమైతే రాయకూడదా?

ఇక ఐదోది. "అప్పటికి సైన్స్ ఈ జబ్బును నయం చేసేసి ఉంటుంది. కాబట్టి నిజమైన సైన్స్ ఫిక్షన్‌లో ఇట్లాంటివాళ్లు ఉండరు." దీన్ని స్నేహితులు చదివే పంపారా?

జబ్బు అని ఎవరన్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల కొత్త జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తీసేసింది. 2022 జనవరి నుంచి అదే అమల్లో ఉంది. మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న, తాను ఆడో మగో మూడోవారో ఎవరికి వారు చెప్పుకునే హక్కు ఉందని తీర్పిచ్చింది. పైగా వైద్యం అంత ఎదిగితే ఒంటిని మార్చుకోవడం ఇంకా తేలికవుతుంది కదా. అప్పుడు ఇట్లాంటివాళ్లు ధైర్యంగా బయటికొస్తారు, ఇప్పటికన్నా ఎక్కువమంది కనపడతారు. వేరే గ్రహానికి ఓడ వేసుకుని పోయేంత ఊహ ఉన్నవాళ్లకు ఇంత చిన్న ఊహ ఎందుకు అందలేదు? అందక కాదు. ఇష్టంలేని మనుషుల్ని ఈరోజు ఊళ్లోంచి వెళ్లగొట్టలేక, పదివేల ఏళ్ల అవతలి నుంచి వెళ్లగొడుతున్నారు.

నిన్న రాత్రి మామ పంపిన మెసేజ్‌కు పదకొండు బొటనవేళ్లు పడ్డాయి. గ్రూపులో ఎవరెవరు ఉన్నారో చూద్దామని నొక్కాను. ఆ వరసలో మా పిన్నమ్మ రెండో బిడ్డ నంబరు ఉంది. ప్రొద్దుటూరులో మా పక్కింట్లో పెరిగిన మనిషి, మేము తమ్ముడని పిలిచిన మనిషి, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మా చెల్లెలు. ఆ నంబరు నొక్కితే రాత్రి 10:42కి ఆన్‌లైన్‌లోకి వచ్చినట్టు ఉంది. ఏమీ రాయలేదు. గ్రూపులోంచి తనను ఎవరూ తీసెయ్యలేదు, తను అందులో ఉందని ఎవరికీ గుర్తూ లేదు. నా ఫోన్‌లో కూడా నిన్నటిదాకా పాత పేరే ఉండింది. మార్చాను.

మామా, ఆ మెసేజ్ తీసెయ్. ఇంకా టైముంది. మీ మనవరాలి పుట్టువెంట్రుకల ఫోటోలు పెట్టినప్పుడు అందరికన్నా ముందు బాగుందని రాసింది ఆ నంబరే.