పదమూడు గడియారాలు ఒకేసారి ఎలా మోగాయి?

1776 జులై 1 సాయంత్రానికి ఫిలడెల్ఫియాలో కూడిన పదమూడు అమెరికా కాలనీల సభలో లెక్క తేలలేదు. బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకుందామని తొమ్మిది కాలనీలు ఓటేశాయి. పెన్సిల్వేనియా, సౌత్ కరోలినా వద్దన్నాయి. డెలావేర్ నుంచి ఆ రోజు సభలో ఉన్నది ఇద్దరే. ఒకరు అవునన్నారు, ఇంకొకరు కాదన్నారు. తమ కాలనీ నుంచి అనుమతి రాలేదని న్యూయార్క్ ప్రతినిధులు ఓటేయకుండా కూర్చున్నారు. తొమ్మిదంటే మెజారిటీయే. కానీ ఇది మెజారిటీతో గట్టెక్కే పని కాదు. ఈ రోజు వద్దన్న కాలనీ రేపు రాజుగారి సైన్యానికి స్థావరంగా మారే ప్రమాదం ఉంది.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన పాఠాన్ని ఈ సాయంత్రం నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. 2026 జులై 4తో ఆ ప్రకటనకు 250 ఏళ్లు. అక్కడి బడుల్లో చదివే తెలుగు పిల్లలు చాలామంది దీన్ని చిన్న తరగతుల్లోనే నేర్చుకుంటారు. మన దగ్గర ప్రపంచ చరిత్రలో ఒక పాఠంగా వస్తుంది. రెండు చోట్లా పిల్లలకు ఎక్కువగా మిగిలేది ఒకటే వరస: పన్నులు వేశారు, టీ సముద్రంలో పోశారు, అందరూ ఏకమయ్యారు. ఆ 'అందరూ ఏకమయ్యారు' అనే రెండు మాటల్లోనే అసలు చరిత్ర అంతా మాయమైపోతోంది.

ఎందుకంటే వాళ్లు ఏకం కావడానికి ఇష్టపడని మనుషులు. 1754లో ఫ్రెంచివారితో యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు ఏడు కాలనీల ప్రతినిధులు ఆల్బనీలో కలిశారు. అందరికీ కలిపి ఒక ఉమ్మడి మండలి పెట్టుకుందామని బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రతిపాదించారు. ప్రతినిధులు సరేనన్నా, ఒక్క కాలనీ శాసనసభ కూడా ఆమోదించలేదు. పన్ను వేసే హక్కును పక్క కాలనీతో పంచుకోవడం ఎవరికీ నచ్చలేదు. 22 ఏళ్ల తర్వాత ఆ కాలనీలే ఒక్క మాట మీదకు వచ్చాయి. ఈ మధ్య ఏం జరిగిందన్నదే పిల్లలను అడగాల్సిన ప్రశ్న.

1765 స్టాంపు చట్టం పత్రికలు, కోర్టు కాగితాలు, లైసెన్సులు, చివరికి పేకముక్కల మీద కూడా పన్ను వేసింది. లాయర్లు, పత్రికలవాళ్లు, వ్యాపారులు అందరికీ ఒకేసారి దెబ్బ తగిలింది. తొమ్మిది కాలనీలు న్యూయార్క్‌లో సమావేశమయ్యాయి. ఇది సొంత నొప్పితో వచ్చిన కలయిక. 1774లో జరిగింది వేరు. టీ పారబోసినందుకు శిక్షగా బ్రిటన్ బోస్టన్ రేవును మూసేసింది. నష్టపోయింది ఒక్క ఊరు. అయినా సౌత్ కరోలినా నుంచి బియ్యం, కనెక్టికట్ నుంచి గొర్రెల మందలు బోస్టన్‌కు వచ్చాయి. ఆ బియ్యం బస్తాల గురించి క్లాసులో ఒక పూట మాట్లాడినా తక్కువే. ఇవాళ బోస్టన్‌కు జరిగింది రేపు మన ఊరికి జరగదా అన్న భయం వాటిని నడిపించింది.

ఆ ఏడాది సెప్టెంబరులో ఫిలడెల్ఫియాకు 12 కాలనీలు వచ్చాయి. సరిహద్దులో క్రీక్ తెగలతో ఉద్రిక్తత ఉన్న జార్జియా, బ్రిటిష్ సైన్యం అండ వదులుకోలేక రాలేదు. బ్రిటిష్ సరుకులు కొనకూడదని ఆ సభ తీర్మానించి, అమలు చూసేందుకు ఊరూరా కమిటీలు పెట్టమంది. ఏ దుకాణంలో ఏ సరుకుందో పొరుగువాళ్లే చూడసాగారు. ఐక్యత తీర్మానం దాటి ఇంటి గుమ్మం దాకా వచ్చింది ఇలాగే. దానిలో ఒత్తిడీ ఉంది, బెదిరింపూ ఉంది. పిల్లలకు అదీ చెప్పాలి.

ఇక్కడ మన కథ కూడా కలుస్తుంది. బోస్టన్‌లో పారబోసిన టీ ఈస్టిండియా కంపెనీది. బెంగాల్‌ను 1770 నాటి కరువు పీల్చి పిప్పి చేశాక కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. దాన్ని గట్టెక్కించడానికే 1773 టీ చట్టం తెచ్చారు. స్టాంపు చట్టం రద్దయిన 1766లోనే ఉత్తర సర్కారుల కోసం నిజాం అలీఖాన్‌తో కంపెనీ ఒప్పందం చేసుకుంది. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలీసే తర్వాత గవర్నర్ జనరల్‌గా వచ్చి శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చాడు. 1802 నుంచి అది మన సర్కారు జిల్లాలకూ వచ్చింది. తెలుగు విద్యార్థికి ఇది దూరదేశపు కథ కాదు.

మళ్లీ జులైకి వస్తే, డెలావేర్ మూడో ప్రతినిధి సీజర్ రాడ్నీ ఉబ్బసంతో, ముఖం మీద క్యాన్సర్‌తో బాధపడుతూనే వానలో రాత్రంతా దాదాపు 80 మైళ్లు ప్రయాణించి 2వ తేదీన సభకు చేరారు. సౌత్ కరోలినా మనసు మార్చుకుంది. పెన్సిల్వేనియా నుంచి జాన్ డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఓటింగుకు రాకుండా ఆగిపోయారు. దాంతో ఆ కాలనీ ఓటు 3-2తో అవుననే వైపు పడింది. పన్నెండు అవును, ఒక్కటీ కాదు లేదు. న్యూయార్క్ 9న సరేనంది. ఇన్ని కాలనీలను ఒక్కతాటి మీదకు తేవడం పదమూడు గడియారాలు ఒకేసారి గంట కొట్టడం లాంటిదని ఆ సభలో ప్రతినిధిగా ఉన్న జాన్ ఆడమ్స్ ఎన్నో ఏళ్ల తర్వాత రాశారు. డికిన్సన్ రాని ఆ కుర్చీ గురించి నేను తరచూ ఆలోచిస్తాను. రాజుకు చివరి విన్నపం రాసింది ఆయనే. విడిపోవడం తొందరపాటని వాదించాడు, ఓడిపోతానని తెలిసి అడ్డు తొలిగాడు, తర్వాత బ్రిటన్‌కు ఎదురు నిలిచిన సైనిక దళంతో కలిసి వెళ్లాడు. ఇలాంటి మనిషిని పిల్లలు దేశద్రోహి అంటారా, దేశభక్తుడంటారా? వాళ్లనే తేల్చుకోనివ్వాలి.

ఆ ఐక్యతకు కట్టిన వెల కూడా పాఠంలో ఉండాలి. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, ప్రకటన ముసాయిదా రాసిన జెఫర్సన్ పెట్టిన భాగాన్ని సభ కొట్టేసింది. సౌత్ కరోలినా, జార్జియాలను నొప్పించకూడదని తీసేశారనీ, ఉత్తరాది వాళ్లలో కొందరికీ అది ఇబ్బందేననీ ఆయనే తర్వాత రాసుకున్నారు. ఆయనా బానిసల యజమానే. పాతిక లక్షల జనాభాలో దాదాపు ఐదు లక్షలమంది బానిసలుగా బతుకుతున్న నేల అది.

తరగతిని పదమూడు జట్లుగా విడగొట్టి, ఒక్కో జట్టుకు దాని కాలనీ భయాలు, అప్పులు, వ్యాపారాలు రాసిచ్చి, జులై 1 నాటి ఓటు వేయించమని టీచర్లకు నా విన్నపం. ఫలితం చరిత్రలో లాగే రావాలని పట్టుబట్టొద్దు. ఏకాభిప్రాయం కుదరకపోతే, మర్నాడు క్లాసుకు రాడ్నీని పంపాలా, లేక ఆ కొట్టేసిన భాగాన్ని తిరిగి పెట్టి మళ్లీ ఓటు అడగాలా అన్నది పిల్లలే నిర్ణయించుకోవాలి.