ఫొటో కింద రాసిన మాట

అమెరికా అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన గెటిస్‌బర్గ్‌లో బండరాళ్ల మధ్య పడి ఉన్న ఆ కుర్ర సైనికుడి ఫొటో మళ్లీ నా ఫీడ్‌లోకి వచ్చింది, దాని కింద ఎప్పటిలాగే "ఇది ఫేక్" అనే తీర్పూ వచ్చింది. 1863 జూలైలో ఫొటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం ఆ శవాన్ని ముందు ఒకచోట ఫొటో తీసి, తర్వాత దాదాపు 40 గజాలు మోసుకెళ్లి, డెవిల్స్ డెన్ అనే బండల గుట్టలోని రాతిగోడ పక్కన పడుకోబెట్టి, గోడకు తుపాకీ ఆనించి మళ్లీ తీసిన మాట నిజమే. అది చనిపోయినవాడి పట్ల అపచారం, కాదనను. కానీ నాకు ఒళ్లు మండేది అక్కడ కాదు.

ఆనాటి ఫొటో పని ఎలాంటిదో చూడండి: గాజు పలకకు కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటి బండిలోకి పరిగెత్తి కడగాలి. ఎక్స్‌పోజర్‌కే కొన్ని సెకన్లు పట్టేది కాబట్టి పరిగెత్తే సైనికుడు ఆ పలక మీద నిలిచేవాడు కాదు, కదలనివాడే నిలిచేవాడు. అమెరికా అంతర్యుద్ధపు ఫొటోల్లో పోరు కాక, పోరు ముగిసిన పొలాలే మనకు కనిపించడానికి కారణం అదే.

అసలు మోసం 1866లో గార్డ్‌నర్ అచ్చువేసిన పుస్తకంలో ఉంది. రెండు సంపుటాలు, 100 ఫొటోలు, ధర 150 డాలర్లు. అందులో ఆ కుర్రవాణ్ణి పొంచి కాల్చే గురికాడిగా మార్చేసి, నవంబర్ 19న తాను మళ్లీ వెళ్తే తుప్పుపట్టిన తుపాకీ, యూనిఫాంలో అస్థిపంజరం అక్కడే ఉన్నాయని రాసుకున్నాడు. శవాలను ఎప్పుడో పూడ్చేసి, జ్ఞాపికల కోసం జనం గాలించిన నేల మీద నాలుగు నెలలకు పైగా తుపాకీ ఎవరూ ముట్టకుండా ఉందంటే ఎలా నమ్మడం? అదే బృందంలోని తిమోతీ ఓసల్లివన్ ఫొటోల సంగతి ఇంకా ఘోరం. ఒకే శవాల గుంపును రెండు వైపుల నుంచి తీస్తే, పుస్తకంలో ఒక పేజీలో వారు దక్షిణాది తిరుగుబాటుదారులు, పక్క పేజీలో వారితో పోరాడిన ఉత్తరాది యూనియన్ వీరులు.

అదే పుస్తకంలో జాన్ రీకీ అనే ఫొటోగ్రాఫర్ 1865 ఏప్రిల్‌లో వర్జీనియాలోని కోల్డ్ హార్బర్‌లో తీసిన ఫొటో ఒకటి ఉంది. అక్కడ పోరు జరిగి అప్పటికి పది నెలలు. ముందు స్ట్రెచర్ మీద పుర్రెలు, గుడ్డపేలికలు, ఒక బూటు; దాని పక్కన కూర్చున్న నల్లజాతి మనిషి చూపు కెమెరా వైపే ఉంది; వెనక మరో నలుగురు పారలతో నేల తవ్వుతున్నారు. శవాలను అలా కుళ్లనిచ్చారని వర్జీనియా స్థానికులను తప్పుపట్టడానికి గార్డ్‌నర్‌కు మాటలు దొరికాయి గానీ, ఆ ఐదుగురిని 'సైనికులు' అనడమే తప్ప, వారెవరో ఒక్క ముక్క రాయలేదు.