చేతులెత్తిన ఆరుగురు, ఎత్తని ఇద్దరు

2023 ఆగస్టు 23, బుధవారం. మా తెలుగు వాట్సాప్ గ్రూపులకు అంత తీరిక లేని రోజు ఈ మధ్యకాలంలో మరొకటి రాలేదు. మేముండే డాలస్ శివారులో పొద్దున ఏడున్నరకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరలో దిగింది. ఆ సంబరం సద్దుమణగక ముందే రాత్రి ఎనిమిదింటికి మిల్వాకీలోని ఫైసర్వ్ ఫోరమ్‌లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడుతున్నవారి మొదటి ప్రైమరీ డిబేట్ మొదలైంది. "పొద్దున విక్రమ్, రాత్రి వివేక్" అని ఒక మిత్రుడు రాసిన మాటకు చప్పట్ల బొమ్మలు లెక్కలేనన్ని వచ్చాయి. అప్పటినుంచి నా మనసులో మెదులుతున్న మాటను ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే 2024 జులైలో అదే హాలును టీవీలో మళ్ళీ చూడవలసి వచ్చింది.

ఆ రాత్రి వేదిక మీద ఎనిమిది మంది నిలబడ్డారు: రాన్ డిశాంటిస్, వివేక్ రామస్వామి, మైక్ పెన్స్, నిక్కీ హేలీ, క్రిస్ క్రిస్టీ, టిమ్ స్కాట్, ఏసా హచిన్సన్, డగ్ బర్గమ్. బాస్కెట్‌బాల్ ఆడుతూ కాలి మడమ నరం తెగిన బర్గమ్ ఆ నొప్పితోనే రెండు గంటలూ నిలబడ్డాడు. పోటీలో అందరికంటే ఎంతో ముందున్న డొనాల్డ్ ట్రంప్ మాత్రం రాలేదు. ముందే రికార్డు చేసిన ఆయన ఇంటర్వ్యూ సరిగ్గా అదే సమయానికి ఎక్స్‌లో విడుదలైంది. అయినా ఆ డిబేట్‌ను టీవీలో సుమారు కోటీ 28 లక్షల మంది చూశారు. మా గ్రూపులు చూసింది మాత్రం ఒక్కరినే.

"ఈ సన్నపాటి కుర్రాడెవరు, ఈ విచిత్రమైన ఇంటిపేరేమిటి అని మీరు అనుకుంటూ ఉండవచ్చు" అన్న అర్థంలో రామస్వామి మొదలుపెట్టగానే మావాళ్ళు మురిసిపోయారు. ఆ మాట దాదాపు అదే రూపంలో 2004లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో బరాక్ ఒబామా నోట వచ్చిందే. అది ఒబామా మాటేనని వేదిక మీదే క్రిస్టీ ఎత్తిచూపాడు, పైగా ఈయన మాటలు చాట్‌జీపీటీ రాసినట్టున్నాయని దెప్పిపొడిచాడు. దానికి మా గ్రూపులో వచ్చిన జవాబు ఏమిటంటే, "కుళ్ళు" అని ఒకే ఒక్క మాట. అరగంట గడిచేసరికి అభ్యర్థి ఊరూ పేరూ పుట్టుపూర్వోత్తరాలన్నీ బయటకు లాగారు: పుట్టింది సిన్సినాటిలో, తల్లిదండ్రులు కేరళ నుంచి వచ్చారు, ఇంట్లో మాట్లాడేది తమిళం. ఆ తరువాత ఏం లాగారో మనవాళ్ళకు నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఉక్రెయిన్ విషయంలో హేలీ ఆయన వైపు తిరిగి, విదేశాంగ వ్యవహారాల్లో అనుభవం లేదని, ఆ లేమి మాటల్లో కనబడుతోందని కడిగేసినప్పుడు గ్రూపంతా నొచ్చుకుంది. ఆవిడ అమృత్‌సర్ మూలాలున్న పంజాబీ కుటుంబంలో పుట్టిన నిమ్రతా రంధావా అని తెలిసినవారు కూడా, "మనవాళ్ళు మనవాళ్ళే అక్కడ కూడా కొట్టుకుంటున్నారు" అని బాధపడ్డారే తప్ప, ఉక్రెయిన్‌కు సాయం ఆపాలా వద్దా అన్న ప్రశ్నలో ఎవరి వాదం నిలుస్తుందో ఒక్కరూ రాయలేదు.

ఆ సమయంలో మా అమ్మ మా ఇంట్లో ఉంది. జగిత్యాల దగ్గరి ఊరు నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. సోఫా పక్కన కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, కాసేపు టీవీ వైపు చూస్తూ, నేను ఇది ఏమిటో చెప్పిన తరువాత అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అందరు ఒక్క పార్టోళ్ళే గదా బిడ్డా, మరెందుకు తిట్టుకుంటున్రు?" టికెట్ కోసం అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. "టికెట్ కోసమైతే హైదరాబాద్ పోయి పెద్దసారు ఇంటి ముంగట కూసుంటరు గని, గిట్ల అందరి ముంగట కొట్లాడుతరా?"

ఆమె వెటకారంగా అనలేదు, ఆమెకు తెలిసిన పద్ధతి అదే. అంతకు సరిగ్గా రెండు రోజుల ముందు, ఆగస్టు 21న, కేసీఆర్ తెలంగాణలోని 119 నియోజకవర్గాల్లో 115 చోట్ల తన పార్టీ అభ్యర్థుల పేర్లను ఒకేసారి ప్రకటించారు. ఏడుగురు సిట్టింగ్ ఎమ్మెల్యేలకు టికెట్ దక్కలేదు. ఎందుకు దక్కలేదో, దక్కినవారికి ఎందుకు దక్కిందో ఓటరు ఎదుట ఎవరూ వాదించుకోలేదు. అదే వారంలో గాంధీభవన్‌లో కాంగ్రెస్ పార్టీ ఆశావహుల నుంచి దరఖాస్తులు తీసుకుంటోంది: రుసుము 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు. వెయ్యికి పైగా దరఖాస్తులు వచ్చాయి, జాబితా మాత్రం ఢిల్లీలో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంతకంటే భిన్నంగా జరిగినట్టు నాకు గుర్తులేదు. బీ-ఫారం చేతికొచ్చేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు, ఇక ఓటరుతో పనేముంది?

అందుకే మా గ్రూపుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడిన స్పందన నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. "సొంత పార్టీ వాళ్ళే టీవీలో బట్టలు చింపుకుంటున్నారు, పరువు తీసుకుంటున్నారు, ఇదేం ప్రజాస్వామ్యం" అని చదువుకున్నవారు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నవారు రాశారు. అయ్యా, పార్టీ పరువు నాలుగు గోడల మధ్య దాచుకోవలసిన ఇంటిగుట్టు అనుకునే అలవాటు మనది, వారిది కాదు. ఆ గొడవలోనే హేలీ తన పార్టీ వారి ముఖం మీదే, దేశం అప్పు పెరగడానికి మనమూ కారణమే, ట్రంప్ హయాంలోనే 8 లక్షల కోట్ల డాలర్లు పెరిగింది అని చెప్పగలిగింది. గర్భస్రావాల మీద జాతీయ స్థాయి నిషేధం తెస్తామంటున్న పెన్స్‌తో, సెనేట్‌లో 60 ఓట్లు లేకుండా అది జరిగే పని కాదని, ప్రజలకు నిజం చెప్పమని అనగలిగింది. మన దగ్గర ఒక పార్టీ నాయకుడు తన అధినాయకుడు చేసిన అప్పుల లెక్కను సాటి నాయకుల సమక్షంలో, ప్రత్యక్ష ప్రసారంలో చదివితే మర్నాటికి అతను ఏ పార్టీలో ఉంటాడో ఊహించుకోండి.

ఇక ఆ రాత్రికంతటికీ ముఖ్యమైన ఘట్టాన్ని మా ఇంట్లో సరిగ్గా చూసింది ఇంగ్లీషు రాని మా అమ్మే. ట్రంప్ మీద ఉన్న కేసుల్లో శిక్ష పడినా, పార్టీ అభ్యర్థి ఆయనే అయితే మీరు మద్దతిస్తారా, ఇచ్చేవారు చేతులెత్తండి అని ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాత బ్రెట్ బేయర్ అడిగాడు. రామస్వామి చెయ్యి చటుక్కున లేచింది. డిశాంటిస్ అటూ ఇటూ చూసి, పక్కవారి చేతులు లేచాక తనదీ ఎత్తాడు. నేను ఆ సమయంలో ఫోన్‌లో గ్రూపు చూసుకుంటున్నాను. "గా సారు పక్కకు జూసి ఎత్తిండు, సూసి రాసే పోరగాని లెక్క" అని అమ్మ నవ్వితే తలెత్తాను. ఆమె అప్పటికే లెక్కపెట్టేసింది. ఆరుగురు ఎత్తారు, హచిన్సన్ ఎత్తలేదు, ఒకాయన చెయ్యి మాత్రం సగం లేచి వేలు ఆడిస్తూ ఉంది. "ఎత్తినట్టా, ఎత్తనట్టా?" అని అడిగింది. ఆ సంగతే వ్యాఖ్యాత కూడా అడిగాడు. ఎత్తలేదని క్రిస్టీ స్పష్టం చేసి, ఇలాంటి ప్రవర్తన మామూలే అనుకోవడాన్ని ఎవరో ఒకరు ఆపాలని చెబుతుంటే హాలు హాలంతా అరిచి గోల చేసింది. ఆ అరుపులు ఎందుకో అమ్మకు చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాల్లో గ్రూపులో వచ్చిన నలభై సందేశాల్లో ఈ ప్రశ్న ఊసే లేదు. రామస్వామి పళ్ళవరుస మీద మాత్రం చర్చ జరిగింది.

మర్నాడు ఎవరు గెలిచారన్న లెక్కలు వచ్చాయి. డిబేట్ చూసిన రిపబ్లికన్ ఓటర్లను అడిగిన ఒక సర్వేలో డిశాంటిస్ బాగా మాట్లాడాడన్నవారు 29 శాతం, రామస్వామి అన్నవారు 26 శాతం, హేలీ అన్నవారు 15 శాతం. మా గ్రూపులో రామస్వామికి నూటికి నూరు. మూడు వారాలైనా గడిచాయో లేదో, హెచ్-1బీ ఉద్యోగ వీసాల లాటరీ పద్ధతిని ఎత్తివేయాలని ఆ రామస్వామే అన్నట్టు వార్త వచ్చింది. ఆయన స్థాపించిన కంపెనీయే 2018 నుంచి 2023 వరకు 29 హెచ్-1బీ అనుమతులు పొందిందని కూడా అందులో ఉంది. అంతే, నూరు కాస్తా సున్నా అయింది. ఆగస్టులో నిలబెట్టిన కటౌట్‌ను సెప్టెంబరులో పీకేశారు. నా బాధ ఆయన మీద కాదు. ఆయన ఏమనుకుంటున్నాడో అడిగే అవకాశం ఉన్న రాత్రి మనం ఆయన ఏం మాట్లాడాడో వినలేదు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడి, ఓటు లేకుండా పన్నులు కడుతున్న నాలాంటివాడికి ఆ వేదిక మీద ఎవరు మనవాడో తేలవలసింది ఇంటిపేరు చూసి కాదు.

"ఇంత చెప్పావు గానీ, రానివాడే గెలిచాడు కదా" అని ఒక మిత్రుడు మొన్న ఎత్తిపొడిచాడు. నిజమే, ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. 2024 జనవరి 15న, పార్టీ అభ్యర్థి ఎంపిక మొదలైన అయోవా రాష్ట్రంలో, ట్రంప్‌కు 51 శాతం ఓట్లు వచ్చాయి. రామస్వామి నాలుగో స్థానంలో నిలిచి ఆ రాత్రే తప్పుకుని ఆయనకే మద్దతు పలికాడు. వరుస డిబేట్లలో దుమ్మెత్తిపోసుకున్నవారిని కోట్లమంది చూశారు, ఓటు మాత్రం ఇంట్లో కూర్చున్నాయనకు వేశారు. ప్రశ్నకు ఎదురుగా నిలబడకపోయినా నష్టం లేదని అక్కడి ఓటరే తేల్చినప్పుడు, మన అధినాయకత్వాల మీద నేను పడే విసుగుకు విలువెంత అన్న సందేహం నాకూ ఉంది. అయినా ఆ ఎనిమిది చేతులు వీడియోలో ఉండిపోయాయి. మన దగ్గర అలా ఉండిపోయేదేదీ లేదు.

2024 జులైలో రిపబ్లికన్ పార్టీ మహాసభ అదే మిల్వాకీలో, అదే ఫైసర్వ్ ఫోరమ్‌లో జరిగింది. హేలీ, డిశాంటిస్, రామస్వామి ముగ్గురూ వచ్చి ట్రంప్‌ను పొగిడారు. ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్‌ను పరిచయం చేస్తూ ఆయన భార్య ఉషా చిలుకూరి మాట్లాడగానే మా గ్రూపులు మళ్ళీ కళకళలాడాయి. ఈసారి ఆవిడ పూర్వీకుల ఊరు, తణుకు దగ్గరి వడ్లూరు దాకా వెళ్ళారు. ఆ క్లిప్పు అమ్మకు కూడా ఎవరో పంపారు. ఫోన్ చేసి, అది ఆ రోజు మనం చూసిన హాలేనా అని అడిగింది. అవునన్నాను.

"మరి గా చెయ్యెత్తని ఇద్దరు అండ్ల కనవడ్తలేరేంది?"