స్పెషల్ ఆఫీసర్ పాలనే మేలంటూ తిరిగే మెసేజ్‌కి నా జవాబు

మున్సిపల్ కౌన్సిళ్ల గడువు దగ్గరపడ్డ ప్రతిసారీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఊపందుకుంటుంది. మాటలు అటూ ఇటూ మారతాయి గానీ సారం ఒకటే. కౌన్సిల్ ఉండి ఉద్ధరించిందేమీ లేదు, కౌన్సిలర్లకు అధికారాల్లేవు, మీటింగ్ అంటే కొట్లాట. అదే స్పెషల్ ఆఫీసర్ (గడువు తీరిన కౌన్సిల్ స్థానంలో, మళ్లీ ఎన్నికలయ్యేదాకా ప్రభుత్వం కూర్చోబెట్టే అధికారి) వస్తే రాజకీయం ఉండదు, పన్నులు పెరగవు, పనులు చకచకా అవుతాయి. ఢిల్లీ నుంచి రావాల్సిన డబ్బు ఎలాగూ వస్తుంది, ఎన్నికల ఖర్చు మిగులుతుంది. నిజమనిపిస్తే పదిమందికీ పంపండి.

మా గ్రూపులో ఇది ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది నా చిన్ననాటి స్నేహితుడే. వాడికి ఫోన్లో చెప్పడం మొదలుపెట్టాను, అరగంటైనా సగం కూడా అవలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఓ చిన్న ఊళ్లో కొన్నేళ్లు మున్సిపాలిటీ వార్తలు రాసినవాణ్ని. కౌన్సిల్ మీద నాకు భ్రమలేమీ లేవు. అజెండా కవరు విప్పకుండానే మీటింగుకొచ్చే కౌన్సిలర్లను చూశాను. టేబుల్ అజెండా పేరుతో చివరి నిమిషంలో ముప్పై అంశాలు పెట్టి, అరటిపండు ఒలిచేంత సేపట్లో అన్నీ "ఆమోదం, ఆమోదం" అనిపించుకోవడమూ చూశాను. కాబట్టి కౌన్సిల్‌ని వెనకేసుకురావడానికి కాదు ఇది రాయడం. ఆ మెసేజ్‌లో ఉన్న మాటలు తప్పు, అంతే.

అన్నిటికన్నా తేలిగ్గా తేలిపోయేది పన్నుల మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2019 జూలై మొదట్లో అయిపోయింది. 2020 మార్చిలో ఎన్నికలు మొదలై, నామినేషన్లయ్యాక కరోనాతో ఆగిపోయాయి. మళ్లీ పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న, 12 కార్పొరేషన్లకూ 71 మున్సిపాలిటీలు, నగర పంచాయతీలకూ. అంటే దాదాపు ఇరవై నెలలు చాలా ఊళ్లలో స్పెషల్ ఆఫీసర్లే ఉన్నారు. ఇంటి పన్ను లెక్క మారింది సరిగ్గా ఆ ఇరవై నెలల్లోనే. అప్పటిదాకా ఇంటికి ఎంత అద్దె వస్తుందన్నదాన్ని బట్టి పన్ను వేసేవారు. 2020 నవంబరులో జీవో 198 వచ్చింది. దాని ప్రకారం ఇంటి మూలధన విలువ మీద, అంటే స్థలమూ కట్టడమూ కలిపిన విలువ మీద, నివాస గృహాలకైతే 0.10 నుంచి 0.50 శాతం మధ్య పన్ను. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. వినడానికి బాగానే ఉంది. కానీ రెండు వేలు కట్టే ఇంటికి ఏటా ఆ 15 శాతమూ పడుతూ పోతే 2,300, తర్వాత 2,645, ఆపైన 3,042, నాలుగో ఏడాదికి 3,498. మీ పాత రసీదులు బీరువాలో ఉంటే తీసి చూసుకోండి.

ఈ మార్పు ఎందుకొచ్చింది? కరోనా ఏడాది కేంద్రం రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకునే వీలిచ్చి, పట్టణాల్లో పన్నుల సంస్కరణ చేస్తేనే అందులో కొంత వాటా అని షరతు పెట్టింది. ఆ సంస్కరణ ముందుగా పూర్తి చేసిన రెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, రెండోది మధ్యప్రదేశ్. మన రాష్ట్రానికి 2,525 కోట్ల అప్పుకు అనుమతి దొరికింది. దీన్ని స్పెషల్ ఆఫీసర్లు సొంతంగా చేశారని నేననను, చేసింది రాష్ట్ర ప్రభుత్వం. ఆ తర్వాత వచ్చిన కౌన్సిళ్లు అడ్డుపడిందీ లేదు. 2021 అక్టోబరు 2న చెత్త సేకరణకు ఇంటింటికీ రుసుము మొదలైనప్పుడు కూడా చాలాచోట్ల పైనుంచి వచ్చిన మాటకు తలూపారు. కాకపోతే చెత్త పన్ను అడిగినవాణ్ని జనం వీధిలో నిలబెట్టి కడిగారు. ఆ సెగ వార్డు కౌన్సిలర్లకు తగిలింది, అక్కణ్నుంచి పైకీ పాకింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రే దాన్ని ఎత్తేస్తున్నామని ప్రకటించాల్సి వచ్చింది. కౌన్సిలర్లెవరూ లేని రోజుల్లో వచ్చిన ఇంటి పన్ను లెక్కకు అలాంటి సెగ తగల్లేదు. అప్పుడు నిలబెట్టి అడగడానికి వీధిలో ఎవరున్నారు గనక?

రెండోది, రాజకీయం ఉండదు, పనులు చకచకా అవుతాయన్న మాట. జనం ఎక్కువగా నమ్మేది దీన్నే కాబట్టి కాస్త ఓపిగ్గా చూద్దాం.

కౌన్సిల్ హాల్లో నేను చూసిన ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాను, ఊరి పేరు అనవసరం. ఫలానా వార్డులో మురుగు కాలువ పూడిక తీయించినందుకు బిల్లు చెల్లింపునకు కౌన్సిల్ ఆమోదం కోరడమైనది అని గుమాస్తా గడగడా చదివేశాడు. అందరూ తర్వాతి పేజీకి వెళ్లిపోతున్నారు. టిఫిన్ బండి నడుపుకుంటూ మహిళా రిజర్వేషన్‌లో గెలిచిన ఒకావిడ లేచింది. అంతకుముందు ఆవిడ హాల్లో నోరు విప్పగా నేను చూడలేదు. ఏదైనా ఉంటే ఆయనే చూసుకుంటారని భర్త వైపు చూపించే మనిషి.

"ఆ కాలవ మా బండి పక్కదే సార్. పూడిక తీస్తే ఒడ్డు మీద పోస్తారు, ఆరేదాకా మూడు రోజులు నా గిరాకీ పోద్ది. నా గిరాకీ ఒక్కరోజు కూడా పోలేదు. ఏ తారీఖున తీశారో చెప్పండి."

ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) తన పైనున్న డీఈ వైపు చూశాడు, డీఈ ఫ్యాన్ వైపు చూశాడు. చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్ తెప్పించమన్నారు, అది సెక్షన్‌లో లేదన్నారు. అంశం వాయిదా పడింది. తర్వాతి నెల ఆ బిల్లు అజెండాలోకి రాలేదు, పూడిక మాత్రం నిజంగానే తీశారు. ఆవిడ గిరాకీ మూడు రోజులు పోయింది.

అదే ఊళ్లో కౌన్సిల్ గడువు ముగిశాక అజెండా కాపీ కావాలని సెక్షన్‌కి వెళ్లాను. "అజెండా ఎక్కడిదండీ ఇప్పుడు, అన్నీ ఫైళ్లే" అన్నాడు గుమాస్తా. నిజమే మరి. ఏఈ రాస్తాడు, డీఈ పెడతాడు, కమిషనర్ సిఫారసు చేస్తాడు, స్పెషల్ ఆఫీసర్ సంతకం పెడతాడు. ఆ స్పెషల్ ఆఫీసర్ ఎవరు? సబ్ కలెక్టరో, జాయింట్ కలెక్టరో, పెద్ద ఊరైతే కలెక్టరే. ఆయనకు భూముల గొడవలుంటాయి, ధాన్యం కొనుగోళ్లుంటాయి, మంత్రుల పర్యటనలుంటాయి. మున్సిపాలిటీ ఫైళ్లు కట్టగా క్యాంపు ఆఫీసుకు వెళ్లి, కట్టగానే తిరిగొస్తాయి. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే సంగతి. ఆ కాలువ పక్కన ఆయనకు టిఫిన్ బండి లేదు.

ఇక రాజకీయం ఉండదంటారా? ఏ వీధికి రోడ్డు వేయాలో అప్పుడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఎమ్మెల్యే కౌన్సిల్లో ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యుడిగా కూర్చున్నప్పుడు ఆయన మాట మీటింగ్ రికార్డు అయిన మినిట్స్‌లోకి ఎక్కుతుంది. కౌన్సిల్ లేనప్పుడు అదే మాట ఫోన్లో నడుస్తుంది. తేడా అంతే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కాలువల మీద కట్టుకున్న అరుగులు కొట్టించడానికి కౌన్సిలర్ జంకుతాడు, ఆఫీసర్ జంకడు. గట్టి ఆఫీసర్ వచ్చిన ఆర్నెల్లు ఊరు తళతళలాడిపోవడం నేనూ చూశాను. ఆయన బదిలీ అయిన మూడో నెలకి అరుగులు మళ్లీ లేవడమూ చూశాను.

చకచకా అన్న మాటకు పెద్ద పరీక్ష శ్రీకాకుళంలో జరుగుతోంది. 1856లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. 2010లో కౌన్సిల్ గడువు ముగిసింది. 2015లో కార్పొరేషన్ హోదా ఇచ్చి చుట్టుపక్కల పంచాయతీలను కలపబోతే అది వివాదాల్లో చిక్కింది. 2014లో ఎన్నికలు లేవు, 2021లోనూ లేవు. అక్కడ మొదటి ఓటు వచ్చిన కుర్రాళ్లకు వార్డు కౌన్సిలర్ అంటే ఎలా ఉంటాడో తెలియకుండానే పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. రాజమహేంద్రవరంలోనూ 2019లో గడువు ముగిశాక, 2021లో రాష్ట్రమంతా ఓటేస్తుంటే ఆ ఊరు చూస్తూ ఉండిపోయింది. స్పెషల్ ఆఫీసర్ పాలనే అంత గొప్పదైతే ఈపాటికి రాష్ట్రమంతా శ్రీకాకుళం వెళ్లి నేర్చుకోవాలి కదా. మెసేజ్ తిప్పేవాళ్లు ఆ ఊళ్లో ఉన్న చుట్టాలకు ఒక ఫోన్ కొట్టి అడిగితే సరిపోతుంది.

మూడోది, కౌన్సిలర్లకు అధికారాల్లేవన్నది. ఇందులో సగం నిజం ఉంది. మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూలులో పట్టణాలకు అప్పగించదగ్గ పనులంటూ 18 రాశారు. అగ్నిమాపకం అందులో ఉంది, కానీ ఫైరింజన్ ఇప్పటికీ రాష్ట్ర శాఖదే. ఇళ్ల ప్లాన్లు ఆన్‌లైన్ అయ్యాయి. వార్డు సచివాలయాలు వచ్చాక సిబ్బంది కమిషనర్ కింద పనిచేస్తారు, కౌన్సిలర్ వెళ్తే కుర్చీ వేస్తారు, అంతే. అయినా బడ్జెట్ పాస్ కావాలంటే కౌన్సిలే, షాపింగ్ కాంప్లెక్స్ లీజులన్నా కౌన్సిలే, పై స్థాయి టెండర్లన్నా కౌన్సిలే. అధికారం తక్కువైందన్నది ఇంకా ఇవ్వమని అడగడానికి కారణం అవుతుంది. ఉన్నదీ తీసేయమనడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే.

మీటింగుల్లో కొట్లాట గురించి నేను పెద్దగా చెప్పేదేమీ లేదు. నిజమే, కొట్టుకుంటారు. ఛైర్మన్ పోడియం దగ్గర కూర్చుంటారు, మైకులు విరగ్గొడతారు, అవిశ్వాసం వస్తే క్యాంపులంటూ రిసార్టులకు పోతారు. అది చూసి నవ్వుకునే మనమే, సంతకాల గదిలో చడీచప్పుడూ లేకపోతే అంతా సవ్యంగా ఉందనుకుంటాం.

నాలుగోది నిధులు. ఎలాగూ వస్తాయన్నది శుద్ధ అబద్ధం, ఇది తెలియక ఊళ్లు బాగా నష్టపోతున్నాయి. కేంద్రం డబ్బు రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021-26కు పట్టణ సంస్థలకు 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. వాటికి షరతులు పెట్టారు. లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలి, ఇంటి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి. వీటికి తోడు ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్నది పెద్ద మెలిక. దీని దెబ్బ ఎలా ఉంటుందో తెలంగాణ పంచాయతీలను అడగండి. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల గడువు ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. ఆ మధ్యలో కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం డబ్బు నిలిచిపోయింది. ట్రాక్టరుకు డీజిలు, వీధి లైట్ల బల్బులు కార్యదర్శులు జేబులోంచి కొన్నామని మొత్తుకున్నారు. అక్కడ మున్సిపాలిటీలకూ 2020 జనవరిలో ఎన్నికలైన పాలకవర్గాల గడువు 2025 జనవరితో తీరిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు.

చివరిది ఎన్నికల ఖర్చు. మిగిలిందనుకున్న ఆ ఖర్చు పై పేరాలో ఆగిపోయిన డబ్బు ముందు ఏ మూలకు? అయినా ఇది మనం ఇష్టముంటే పెట్టుకుని లేకుంటే మానేసే ఖర్చు కాదు. ఐదేళ్లు నిండేలోపే ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగం 243-యులోనే ఉంది. సుప్రీంకోర్టు 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో అదే చెప్పింది. వార్డుల విభజన అవలేదనో, రిజర్వేషన్ల లెక్క తేలలేదనో ఆపడానికి వీల్లేదని 2022 మేలో మధ్యప్రదేశ్ కేసులో మళ్లీ చెప్పింది. స్పెషల్ ఆఫీసర్ అంటే మధ్యలో వచ్చిన ఖాళీలో కూర్చోబెట్టిన మనిషి. ఎంతసేపు కూర్చుంటే అంత మంచిదని ఏ చట్టమూ చెప్పలేదు.

ఇంతా రాసి మా వాడికి పంపాను. చదివాడో లేదో గానీ సాయంత్రం ఫోన్ చేశాడు. వాళ్ల వీధి మలుపులో లైటు వెలగక నలభై రోజులైందట. ఇదివరకైతే కౌన్సిలర్‌కి ఫోన్ చేసి నాలుగు తిడితే రాత్రికల్లా నిచ్చెన వచ్చేది. ఇప్పుడు సోమవారం వెళ్లి అర్జీ ఇచ్చి, నంబరు తెచ్చుకున్నాడు. వారం తిరక్కుండానే మీ సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్ వచ్చింది. కింద ఫోటో కూడా పెట్టారు, లైటు దేదీప్యమానంగా వెలుగుతోంది. కాకపోతే ఆ స్తంభం వెనకాల గుడి ముఖద్వారం కనిపిస్తోంది. వాళ్ల వీధిలో గుడి లేదు.

"మరి ఎవరికి చెప్పాల్రా?" అన్నాడు.

వచ్చే సోమవారం పొద్దున్నే తొమ్మిదికల్లా వెళ్లి లైన్లో నిలబడమన్నాను.