ఎక్కడ లేదో తెలిసినప్పుడు, అక్కడ పెట్టరాదా?

(నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట. రాత్రి ఎనిమిదయింది. భోజనాల బల్లకి ఒక పక్క సులోచన, ముందు జవాబు పత్రాల కట్ట. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. ఇంకో పక్క ఆమె భర్త పెంచలయ్య, బియ్యం కొట్టు కట్టేసి వచ్చాడు. చేతిలో దోమల బ్యాటు. నెల్లూరులో ఆ బ్యాటు లేకుండా సంసారం సాగదు. లోపల స్టవ్వు మీద చేపల పులుసు.)

పెంచలయ్య: (కట్టలోంచి ఒక పేపరు లాగి) ఏందిది, ఈ పిల్లోడికి పదికి ఆరున్నొకటేనా?

సులోచన: ఏడు అనండి. ఇది కొట్టు కాదు.

పెంచలయ్య: లెక్కలో ఆ మాట నా నోటికి రాదు. మా నాయన అట్టా అలవాటు చేశాడు. వీడి ప్రోగ్రాము తప్పా?

సులోచన: ప్రోగ్రాము బాగానే రాశాడు. మూడు చోట్ల లైను చివర పెట్టాల్సిన సెమికోలన్, అదే చుక్క కింద తోక, మర్చిపోయాడు. సి అనే కంప్యూటర్ భాషలో అది ఒక్కటి లేకపోయినా, మనం రాసింది మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోదు. ఫలానా చోట సెమికోలన్ లేదని చెప్పి ఆగిపోతుంది.

పెంచలయ్య: లేదని దానికి తెలుసా?

సులోచన: తెలుసు.

పెంచలయ్య: ఎక్కడ లేదో కూడా తెలుసా?

సులోచన: లైను నంబరుతో సహా చెబుతుంది.

పెంచలయ్య: తెలిసినప్పుడు అక్కడ అదే పెట్టరాదా? మా గుమాస్తా వచ్చి, 'అయ్యా, ఈ బిల్లు మీద ఈరోజు తేదీ లేదు' అని చెప్పి చేతులు కట్టుకుని నిలబడితే నేనేమంటాను?

సులోచన: మీరేమంటారో వీధి మొత్తానికి తెలుసు. కానీ అలా సొంత తెలివితో పెట్టేసే భాష ఒకటుంది. జావాస్క్రిప్ట్. 1995 మేలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో దాని మొదటి రూపం తయారుచేశాడు.

పెంచలయ్య: పది రోజుల్లో భాషా! మన అటకకి తలుపు పెడతానన్న వడ్రంగి సంక్రాంతి ముందు బయానా తీసుకుని పోయాడు, ఇంతవరకూ లేడు.

సులోచన: వినండి. 'రిటర్న్' అని రాసి, తిరిగివ్వాల్సిన విలువని కింది లైనులో రాశామనుకోండి. లైను అయిపోయింది కదా, పాపం మర్చిపోయి ఉంటాడని అది రిటర్న్ పక్కన తనే సెమికోలన్ పెట్టుకుంటుంది. కింద రాసిన విలువ వంక చూడదు. ఉత్త చేతులతో తిరిగొస్తుంది. ఎర్రర్ కూడా చూపించదు. ప్రోగ్రామ్ రాసినవాడు రాత్రంతా జుట్టు పీక్కోవాలి.

పెంచలయ్య: ఒకచోట పొరబడిందిలే. మిగతా చోట్ల మేలు చేస్తుంది కదా?

సులోచన: ఎందుకు చేయదు! కొటేషన్లలో రాసిన 5కి 1 కలపమంటే 51 అంటుంది.

పెంచలయ్య: ఆ?

సులోచన: కొటేషన్లలో ఉంది కాబట్టి అది అంకె కాదు, అక్షరం అనుకుని పక్కన అతికిస్తుంది. అదే 5లోంచి 1 తీసేయమంటే 4 అంటుంది. అక్షరాల్లోంచి తీసివేత కుదరదు కాబట్టి అప్పుడు మాత్రం అంకె అనుకుంటుంది.

పెంచలయ్య: (బ్యాటు కింద పెట్టి) కలిపితే యాభై ఒకటి, తీసేస్తే నాలుగు! ఇట్టాంటి గుమాస్తాని నేనైతే ఒక్క పూట ఉంచను.

సులోచన: ప్రపంచంలో వెబ్‌సైట్లు దాదాపు అన్నీ ఆ గుమాస్తా చేతిలోనే ఉన్నాయి.

(టప్‌మని దోమ పేలింది. పెంచలయ్య ఇంకో పేపరు లాగాడు. భర్తలకి జవాబు పత్రాలు చూపించకూడదని యూనివర్సిటీ నియమాల్లో ఉందో లేదో గానీ ఉండాల్సిందే.)

పెంచలయ్య: ఈ అమ్మాయి ఒక్క సెమికోలన్ కూడా పెట్టలేదు. నువ్వు గమ్మునున్నావే?

సులోచన: అది పైథాన్, ఇంకో భాష. అందులో సెమికోలన్ అక్కర్లేదు. లూపు అంటే మళ్లీ మళ్లీ చేయాల్సిన పని. దాని లోపలి లైన్లని కొంచెం కుడికి జరిపి రాస్తే చాలు, ఏది లోపల ఉందో ఏది బయట ఉందో దానికి తెలుస్తుంది.

పెంచలయ్య: మరి దీనికి ఎర్ర గీతేంది?

సులోచన: ఈ ప్రింట్ అనే లైను లోపలికి జరిగిందా లేదా అన్నది తేలడం లేదు. లోపలుంటే పదిసార్లు అచ్చు వేస్తుంది, బయటుంటే ఒక్కసారే. గీతల్లేని తెల్లకాగితం ఇచ్చారు. ఆ పిల్ల రాత పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది. (స్కేలు తీసి ఆన్చి చూస్తూ) పై లైనుకీ దీనికీ రెండు మిల్లీమీటర్లు తేడా ఉంది.

పెంచలయ్య: రాసినదానికి మార్కులు కోయడం విన్నా. రాయని ఖాళీకి కూడా కోస్తారా? స్కేలు పెట్టి ఖాళీని కొలవమని ఆ భాష చేసినాయన చెప్పాడా?

సులోచన: గైడో వాన్ రోసమ్ 1991లో దీన్ని బయటికి తెచ్చింది జనం చూడగానే చదువుకునేలా ఉండాలని.

పెంచలయ్య: పరీక్ష కాగితం మీద పెట్టమని ఆయన చెప్పాడా?

సులోచన: ...అది కాలేజీ నిర్ణయం.

పెంచలయ్య: సరే, ఇంకో అన్యాయం చూడు. ఇక్కడ 'వరుసలో మొదటిది ఏది' అంటే ఒకటి అని రాశాడు. దానికీ కొట్టివేతే!

సులోచన: సి భాషలో వరుస సున్నా నుంచి మొదలవుతుంది. ఆ అంకెకి అర్థం మొదటి చోటి నుంచి ఎంత దూరం జరగాలి అని. మొదటిదాని కోసం ఎక్కడికీ జరగక్కర్లేదు కాబట్టి సున్నా. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాష ఒకటి నుంచే లెక్కపెట్టేది. సున్నా నుంచి పెట్టడమే పద్ధతని డైక్‌స్ట్రా అనే పెద్దాయన 1982లో వ్యాసమే రాశాడు.

పెంచలయ్య: సున్నా నుంచి మొదలుపెట్టి బస్తాలు ఎంచితే నా కొట్టు మూడు రోజుల్లో మూతపడుతుంది.

సులోచన: మీరు ఒకటి నుంచి మొదలుపెడతారా ఏంటి? కొలత పెట్టినప్పుడల్లా 'లాభం, రెండు, మూడు' అంటారు. ఒకటి మీ కొట్లో ఏనాడైనా వినపడిందా? ఆరున్నొకటి అయ్యాక ఎనిమిది. ఒకటీ లేదు, ఏడూ లేదు. మీరా డైక్‌స్ట్రాని తప్పుపట్టేది!

పెంచలయ్య: లాభం అంటే ఒకటని నెల్లూరులో పుట్టిన ప్రతివాడికీ తెలుసు.

సులోచన: సున్నా అంటే మొదటిదని సి నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు. ఉండండి, పులుసు సిమ్‌లో పెట్టి వస్తా.

(లోపలికి వెళ్లి నాబ్ తిప్పి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.)

సులోచన: ఇందాక మీ ఫోన్లో బ్యాంకు మెసేజీ చూశాను. హమాలీ మేస్త్రికి 7410 రూపాయలా? నెల్లూరు మొత్తం లోడు దించాడా?

పెంచలయ్య: (దోమ లేకపోయినా బ్యాటు ఊపుతూ) అది 1470.

సులోచన: వెళ్లింది 7410.

పెంచలయ్య: నా వేళ్లు కొట్టింది 1470నే! ముప్పై ఏళ్లుగా కాలిక్యులేటర్ కొట్టే చెయ్యి ఇది. కళ్లు మూసుకుని కొడతా. కాలిక్యులేటర్లో ఏడు పైన, ఒకటి కింద. ఈ పేమెంట్ యాప్‌లో ఒకటి పైన, ఏడు కింద. నాలుగు మాత్రం మధ్యలో కదలకుండా కూర్చుంది. ఒకటి కొడితే ఏడు పడింది, ఏడు కొడితే ఒకటి పడింది. ఇదేం కుట్ర?

సులోచన: కుట్ర కాదు. కూడికల మెషీన్లలో ఏడు పైన ఉండటం పాత అలవాటు. అమెరికాలో బెల్ కంపెనీ 1963లో బటన్ల ఫోను తెచ్చింది. అంతకుముందే వాళ్ల లాబ్స్‌లో రకరకాల వరసలు జనం చేత నొక్కించి చూసి, ఒకటి పైనుండే వరసని తీసుకున్నారు. వీళ్లు వాళ్ల మాట వినలేదు, వాళ్లు వీళ్ల మాట వినలేదు. మీ ఫోన్లో చూడండి. కాలిక్యులేటర్ తెరిస్తే ఏడు పైన, నంబరు డయల్ చేయబోతే ఒకటి పైన. ఒకే ఫోను.

పెంచలయ్య: (రెండూ తెరిచి చూసి) ఓరి దుర్మార్గుల్లారా!

సులోచన: పంపే ముందు అంకె అంత పెద్దగా చూపిస్తుంది. చూడరా?

పెంచలయ్య: లారీ వాడు హారన్ కొడుతున్నాడు, ఎక్కడ చూసేది? అయినా ఆ మేస్త్రికి నేను ఎప్పుడు పంపినా 1470నే. ఇవాళ ఏడువేలు పోతుంటే దానికి అనుమానం రావద్దా?

సులోచన: వచ్చి, ఏం చేయాలి? మీరు మర్చిపోయి ఉంటారని అదే 1470కి దిద్దేసి పంపాలా?

పెంచలయ్య: దిద్దేదేంది? నా డబ్బు మీద దాని పెత్తనమేంది? రేపు నిజంగానే ఏడువేలు ఇవ్వాల్సి వస్తే? ఆగి, 'ఇంతేనా?' అని నన్ను అడగాలి!

సులోచన: (ఎర్ర పెన్ను కింద పెట్టి, నింపాదిగా) సరిగ్గా అదే. కంపైలర్ చేసేది.

(ఇక్కడ పెంచలయ్య ఓడిపోయినట్టే. ఓడిపోయిన సంగతి ఒప్పుకుంటే అది సంసారమెందుకు అవుతుంది?)

పెంచలయ్య: మేస్త్రి మర్యాదస్తుడు. రాబోయే లోడ్లకి జమ వేసుకుంటానన్నాడు. ఎక్కువ వెళ్లింది 5940. నాలుగు లోడ్లకి 5880 పోను ఇంకో అరవై రావాలి. ...ఏంది, వాసన వస్తోంది?

సులోచన: అయ్యో, పులుసు!

(ఇద్దరూ పరుగు. పులుసు దిగువన పెద్ద మంట. దాని వెనక, సిమ్‌లో చక్కగా, ఖాళీ బర్నర్ ఒకటి వెలుగుతోంది. నాలుగు బర్నర్ల గ్లాసు స్టవ్వు. బర్నర్లు ముందు రెండు, వెనక రెండు. నాబ్‌లు మాత్రం నాలుగూ ఒకే వరసలో. పక్కన ముద్రించిన చుక్కలు తుడిచి తుడిచి ఎప్పుడో పోయాయి. మామిడికాయ ముక్కలు అడుగున నల్లగా అంటుకున్నాయి. చేప ముక్కలు పైన బతికిపోయాయి.)

పెంచలయ్య: లెక్చరర్ గారూ, ఏ బర్నర్‌కి ఏ నాబో చూసుకోవద్దా?

సులోచన: చూసుకోవడానికి ఏముంది అక్కడ? చతురస్రంగా ఉన్న బర్నర్లకి వరసగా నాబ్‌లు పెడితే ఎవరు మాత్రం పొరబడరు? డాన్ నార్మన్ అనే ఆయన 1988లోనే ఈ గోలంతా పుస్తకంలో రాశాడు. బర్నర్లు ఏ ఆకారంలో ఉంటే నాబ్‌లూ అదే ఆకారంలో పెట్టాలి. అప్పుడు ఏ గుర్తులూ అక్కర్లేదు. నేను క్లాసులో చెబుతాను కూడా. జనం మళ్లీ మళ్లీ ఒకే తప్పు చేస్తుంటే తప్పు వాళ్లది కాదు, వస్తువుది.

పెంచలయ్య: (గిన్నె దించి, గుడ్డతో చేతులు తుడుచుకుని, చాలా మెల్లగా) ఆ కట్టలో సెమికోలన్ మర్చిపోయినవాళ్లు ఎంతమంది?

సులోచన: ...సగం మంది ఉంటారు.

పెంచలయ్య: మళ్లీ మళ్లీ.

సులోచన: అది వేరు.

పెంచలయ్య: ఏం వేరు? కంపైలర్ ఆగి అడుగుతుందంటివే. కాగితం అడిగిందా వాడిని? కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఉంటే అది అడిగేది, వాడు రెండు సెకన్లలో పెట్టేవాడు. అడిగే నాథుడే లేని చోట కూర్చోబెట్టి మూడు మార్కులు కోశావు.

సులోచన: తప్పంతా భాషది, కాగితానిది అంటే ఇక ఎవరికీ మార్కులు తీయలేం. అసలు భాషలు చేసినవాళ్లే తప్పులు ఒప్పుకున్నారు. టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషలో 'నల్' అనే గుర్తు పెట్టాడు. ఇక్కడ ఏమీ లేదు అని చెప్పడానికి. పెట్టడం సులువు కదా అని పెట్టేశాడు. లేనిదాన్ని ఉందనుకుని తెరవబోయి ఎన్ని ప్రోగ్రాములు కూలిపోయాయో! 2009లో ఆయనే చెప్పుకున్నాడు, అది తన వంద కోట్ల డాలర్ల తప్పని.

పెంచలయ్య: ఏమీ లేదనడానికి గుర్తుంటే మంచిదే కదే. మొన్న ఆ ఫారంలో లాస్ట్ నేమ్ గడి ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు. చుక్క పెట్టా. అప్పట్నుంచీ 'డియర్ చుక్క' అని మెసేజీలు వస్తున్నాయి. సరే, వంద కోట్ల డాలర్ల తప్పు చేసినాయనకి ఎన్ని మార్కులు కోశారు?

సులోచన: (గొంతు తగ్గించి) ఆయనకి 1980లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. కంప్యూటర్ వాళ్లకి అది నోబెల్ లాంటిది.

పెంచలయ్య: దేనికి?

సులోచన: ...ప్రోగ్రామింగ్ భాషల రూపకల్పనకి.

పెంచలయ్య: (బ్యాటు బల్ల మీద కొట్టి) అద్గదీ! వంద కోట్ల డాలర్లకి అవార్డు, చుక్క కింద తోకకి మూడు మార్కులు! 

సులోచన: అరవకండి, పక్కింటివాళ్లు వింటారు. ఒక మార్కు కలుపుతా.

పెంచలయ్య: రెండున్నర.

సులోచన: ఒకటిన్నర. ఇది మార్కెట్ యార్డు కాదు.

పెంచలయ్య: పులుసు మాడిందని మీ అమ్మకి చెప్పను. రెండు.

సులోచన: ...రెండు. ఇంకో మాట మాట్లాడితే మళ్లీ తీసేస్తా.

పెంచలయ్య: ఖాయం. ఇప్పుడు ఆ ఏటవాలు పిల్ల పేపరు తీయి. స్కేలు నాకివ్వు, నేను కొలుస్తా.